కుండీలో పెరడు

ఉద్దేశం

పెరడు కనుమరుగైన నగర గృహాలలో బహువార్షిక మొక్కలను కుండీలలో ఏళ్ళ తరబడి కాపాడుకొనే విధానాన్ని, అందులోని శాస్త్రీయ కారణాలను విద్యార్థులకు తెలియజేయడం. ఒక ప్రాణి బాధ్యతను స్వీకరించినవారికి ఉండవలసిన పరిశీలన, నిలకడ అనే గుణాలను అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి ఇంటికి వాకిలి ఎంత ముఖ్యమో పెరడూ అంత ముఖ్యం. వాకిట్లో ముగ్గు, పెరట్లో బావి, బావి పక్కన అరటిపాదు, గోడవార కరివేప, దాని చెంత మల్లెపందిరి, నడుమ తులసికోట - ఇదీ ఒకనాటి ఇంటి స్వరూపం. స్నానం చేసిన నీరు అరటికి, గిన్నెలు కడిగిన నీరు కరివేపకు పారేది. ఎవరూ ప్రత్యేకించి శ్రద్ధ చూపకపోయినా పెరటి చెట్లు పెరిగేవి. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాలలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో అపార్టుమెంట్లు విస్తరించాయి. ఒక్క కుటుంబం నివసించిన స్థలంలో ఇరవై కుటుంబాలు కాపురం ఉండవలసి వచ్చింది. వాకిలి గడపవరకు, పెరడు బాల్కనీవరకు కుదించుకొనిపోయాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత పెరడు ఉన్ననాడు పుట్టింది. పెరడే లేని నేటి గృహస్థునికి మాత్రం ఆ చెట్టు విలువ బాగా తెలిసివచ్చింది. అందుచేతనే నాలుగు అడుగుల బాల్కనీలో సైతం నాలుగు కుండీలు కనిపిస్తున్నాయి.

అయితే నర్సరీ నుంచి పూలతో కళకళలాడుతూ వచ్చిన మొక్క రెండు మూడేళ్ళకే చిక్కి, ఆకులు రాల్చి ఎండిపోవడం అనేక ఇళ్ళలో జరుగుతున్నదే. "మా చేయి మంచిది కాదు" అని ఇంటివారు నిట్టూర్చి మరొక మొక్కను తెస్తారు. నేలలో పాతికేళ్ళు బతకగల మొక్క కుండీలో మూడేళ్ళకే ఎందుకు మరణిస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం చేతివాసిలో లేదు. కుండీ మొక్క స్వభావంలో ఉన్నది.

కుండీ మొక్క స్వభావం

జీవితకాలాన్ని అనుసరించి మొక్కలను మూడు విధాలుగా విభజిస్తారు. బంతి, కొత్తిమీర, వరి వంటివి మొలకెత్తి, పూచి, గింజ కట్టి ఏడాదిలోపే జీవితం చాలించే ఏకవార్షికాలు. ఉల్లి, ముల్లంగి జాతులలో కొన్ని సహజంగా రెండేళ్ళు జీవించే ద్వివార్షికాలు. మల్లె, మందారం, నందివర్ధనం, కరివేప, నిమ్మ, తమలపాకు తీగ, చామంతి, మరువం మొదలైనవి ఏళ్ళ తరబడి జీవించే బహువార్షికాలు. ఏకవార్షిక మొక్కను పెంచడం ఒక ఋతువు పని. బహువార్షిక మొక్కను పెంచడం ఒక సహజీవనం.

నేలలోని చెట్టుకు వెతుక్కొనే స్వేచ్ఛ ఉన్నది. పైమట్టి ఎండితే వేరు లోతుకు దిగుతుంది. ఒకవైపు సారం తగ్గితే మరొకవైపు సాగుతుంది. కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు. వేరు నాలుగు అంగుళాలు సాగగానే గోడ తగులుతుంది. అక్కడినుంచి అది కుండీ లోపలి గోడవెంట చుట్టలు చుట్టుకొంటుంది. మట్టి స్థానాన్ని క్రమంగా వేళ్ళే ఆక్రమిస్తాయి. పోసిన ప్రతి చెంబు నీటితోను కొంత సారం అడుగు రంధ్రం గుండా కొట్టుకొనిపోతుంది. నేలలో ప్రకృతి చేసే పనులన్నీ కుండీలో మనిషే చేయవలసి ఉంటుంది. ఆ మొక్కకు వాన, ఎరువు, విస్తరించే భూమి అన్నీ పెంచేవారి చేతిలోనే ఉన్నాయి.

పూర్వులకు ఈ విద్య కొత్తది కాదు. తులసికోట అంటే నిజానికి కట్టడంగా కట్టిన కుండీయే. నేలకు ఎత్తుగా, నీరు నిలువకుండా, ఎండ తగిలేచోట దానిని నిర్మించేవారు. ప్రతి ఉదయం చెంబెడు నీరు పోసేవారు. భక్తితోపాటు ఒక నియమం కూడా ఆ మొక్కను కాపాడింది. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. సురపాలుని వృక్షాయుర్వేదాన్ని డాక్టర్ నళినీ సాధలే ఆంగ్లానువాదంతో సికింద్రాబాదులోని ఏషియన్ ఆగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. మొక్కలకు పోసే 'కుణపజలం' అనే పులియబెట్టిన ద్రవపు ఎరువు ప్రస్తావన అందులో ఉన్నది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో శ్రీకృష్ణుడు స్వర్గంలోని పారిజాతాన్ని పెకలించి తెచ్చి సత్యభామ పెరట్లో నాటుతాడు. దేవతావృక్షమైనా సరే, ఒకచోటినుంచి మరొకచోటికి వచ్చిన చెట్టును నిలుపుకోవలసినది ఆ ఇంటివారే.

దిక్కు, వెలుగు

ఏ మొక్కను పెంచాలన్నది మనసు నిర్ణయించడానికి ముందు బాల్కనీ దిక్కు నిర్ణయించాలి. తూర్పు బాల్కనీకి లేత ఎండ తగులుతుంది. మధ్యాహ్నానికి నీడ వస్తుంది. కనుక అన్ని దిక్కులలోను ఇది ఉత్తమం. మందారం, తులసి, కరివేప, మల్లె అక్కడ చక్కగా పెరుగుతాయి. పడమటి బాల్కనీలో సాయంకాలపు ఎండ తీవ్రంగా ఉంటుంది. కాగితపు పూల మొక్క, కలబంద, నూరువరహాలు దానికి తట్టుకోగలవు.

ఉత్తర, దక్షిణ దిక్కుల విషయంలో సూర్యగమనాన్ని గుర్తించాలి. హైదరాబాదులో మే రెండవ వారంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటినుంచి ఆగస్టు మొదటి వారందాకా మధ్యాహ్నవేళ కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ తరువాత దక్షిణానికి జరుగుతాడు. అందువల్ల దక్షిణపు బాల్కనీలోకి శీతకాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది; నడివేసవిలో అంతగా రాదు. ఉత్తరపు బాల్కనీకి వేసవిలో ఉదయం, సాయంత్రం కొంత ఎండ తగులుతుంది. శీతకాలంలో వెలుగే తప్ప నేరుగా సూర్యరశ్మి పడదు. అక్కడ తమలపాకు తీగ, మనీప్లాంటు వంటి నీడపట్టు మొక్కలు పెంచడం మంచిది. ఎండ చాలని చోట మల్లె ఆకులతో పచ్చగానే ఉంటుంది కాని పూయదు. అది మొక్క దోషం కాదు.

కుండీ, మట్టి

మట్టికుండీ గోడల గుండా తేమ ఆవిరై వేళ్ళకు చల్లదనం కలుగుతుంది. అయితే నీరు తరచుగా పోయాలి. ప్లాస్టిక్ కుండీ తేలిక, తేమను నిలుపుతుంది. కాని ఎండ నేరుగా తగిలితే లోపలి మట్టి వేడెక్కి అంచులవెంట ఉన్న వేళ్ళు మాడిపోతాయి. నల్లని కుండీలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పెద్ద కుండీల ముందు చిన్న కుండీలను వరుసగా పెడితే ఒకదాని నీడ మరొకదానికి రక్షణ అవుతుంది.

బరువును కూడా లెక్కించాలి. పన్నెండు అంగుళాల కుండీ తోటమట్టితో నిండి, తడిసినపుడు 25 కిలోలకు పైగా తూగుతుంది. బాల్కనీ గోడనుంచి బయటికి పొడుచుకొనివచ్చిన కట్టడం కాబట్టి బరువు బయటి అంచుకు చేరినకొద్దీ దానిమీద భారం పెరుగుతుంది. పెద్ద కుండీలను ఇంటిగోడ పక్కనే ఉంచాలి. పిట్టగోడమీద కుండీ ఎన్నటికీ పెట్టరాదు. గాలికి జారిన కుండీ కింద నడిచేవారి ప్రాణం తీయగలదు.

నల్లరేగడి మట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది. అది ఒక్కటే కుండీకి పనికిరాదు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చితే చాలా మొక్కలకు సరిపోతుంది. కుండీ అడుగున కంకర పోస్తే నీరు త్వరగా దిగిపోతుందన్న నమ్మకం చాలామందికి ఉన్నది. ఇది సరికాదు. మెత్తని మట్టి నీటిని పట్టి ఉంచుతుంది. దానికింద ఉన్న గరుకు కంకరలోకి ఆ నీరు తేలికగా దిగదు. మట్టి అడుగుభాగం పూర్తిగా నానిన తరువాతనే దిగుతుంది. పైగా కంకర పోసిన మేరకు వేళ్ళకు చోటు తగ్గుతుంది. రంధ్రంమీద మట్టి జారిపోకుండా ఒక పెంకుముక్క బోర్లించడం చాలు.

నీరు

కుండీ మొక్కలలో దాహంతో చనిపోయేవాటికంటె అతిప్రేమతో చనిపోయేవి తక్కువేమీ కాదు. వేళ్ళకు నీటితోపాటు గాలి కూడా అవసరం. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేళ్ళకు ప్రాణవాయువు అందక కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీటిని తీసుకోలేదు కనుక ఆకులు వాడుతాయి. ఆకులు వాడాయని మరింత నీరు పోస్తారు. మొక్క మరింత త్వరగా మరణిస్తుంది. గడియారం చూసి కాక, మట్టిని చూసి నీరు పోయాలి. చూపుడువేలును రెండు అంగుళాల లోతుకు గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి. పోసినపుడు అడుగు రంధ్రంనుంచి కారేవరకు పోయాలి. వేసవిలో కొన్ని కుండీలకు రెండు పూటలా అవసరం కావచ్చు. వానకాలంలో నాలుగు రోజులైనా అక్కరలేకపోవచ్చు.

మట్టి పూర్తిగా ఎండి కుండీ గోడనుంచి విడిపోతే, పోసిన నీరు ఆ సందుగుండా జారిపోతుంది. లోపలి వేళ్ళు పొడిగానే ఉంటాయి. అటువంటి కుండీని నీటితొట్టిలో అరగంట ఉంచి నాననివ్వాలి. బోరునీటిలోని లవణాలు కుండీ అంచులమీద తెల్లని పొరగా పేరుకొంటాయి. ఆ నీటి ప్రభావంవల్ల మట్టి క్షారగుణం పొంది, లేత ఆకులు ఈనెలు తప్ప పసుపుపచ్చగా మారుతాయి. అది ఇనుము అందని లక్షణం. వాననీరు దొరికిన రోజున కుండీలను ధారాళంగా తడిపితే లవణాలు కొంత కొట్టుకొనిపోతాయి. ఊరికి వెళ్ళవలసివచ్చినపుడు, ఎత్తుగా ఉంచిన బకెట్టు నీటినుంచి కుండీ మట్టిలోకి నూలువత్తి వేస్తే కొన్ని రోజులపాటు తడి అందుతుంది.

ఋతుచర్య

తెలుగు రైతు కార్తెలను బట్టి పొలం పని చేస్తాడు. బాల్కనీ తోటకూ ఆ లెక్క పనికివస్తుంది. మే నెల చివర రోహిణి కార్తె ఎండలలో మొక్కను కత్తిరించడం, కుండీ మార్చడం, ఎరువు దట్టంగా వేయడం కూడదు. మట్టిమీద ఎండుటాకులో కొబ్బరిపీచో పరిచి తేమను కాపాడాలి. మధ్యాహ్నపు ఎండకు పలుచని నీడవల కట్టాలి. జూన్‌లో మృగశిర కార్తెతో తొలకరి పడగానే అసలు పని మొదలవుతుంది.

రెండు మూడేళ్ళకు ఒకసారి కుండీ మొక్క వేళ్ళను సరిచేయడం అత్యవసరం. రంధ్రంలోంచి వేళ్ళు బయటికి రావడం, నీరు ఇంకకపోవడం, కొత్త ఆకులు చిన్నవి కావడం దానికి సూచనలు. ముందురోజు నీరు పోసి, మరునాడు కుండీని పక్కకు వాల్చి తట్టితే మట్టిముద్ద బయటికి వస్తుంది. చుట్టూ, అడుగున ఒక అంగుళం మందాన చుట్టుకొన్న వేళ్ళను పదునైన కత్తితో తీసివేయాలి. వేళ్ళు తగ్గించిన మేరకు పైకొమ్మలను కూడా కత్తిరించాలి. కొత్త మట్టి నింపి, నీరు పోసి, వారంరోజులు నీడలో ఉంచాలి. వేరును కోయడం నిర్దయగా కనిపించవచ్చు. కాని కుండీ మొక్కకు పునర్యౌవనం ఇచ్చేది ఈ కోతయే. మూడేళ్ళకు మరణించే మొక్కల్లో అనేకం ఈ ఒక్క పని జరగక మరణిస్తున్నవే.

మల్లెకు డిసెంబరు, జనవరి నెలలలో నీరు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే మార్చి నుంచి కొత్త చిగుళ్ళకు మొగ్గలు వేస్తుంది. చామంతి పూత ముగిశాక కాడలను మట్టికి నాలుగు అంగుళాల ఎత్తున కోస్తే మొదట్లో పిలకలు వస్తాయి. వాటిని వేసవిలో నీడపట్టున కాపాడి తొలకరిలో విడదీసి నాటాలి. కరివేప చలికాలంలో ఆకు రాల్చి ఊరుకొంటుంది. అది ఎండిపోలేదని గ్రహించి నీరు తగ్గించాలి. తులసికి వెన్నులు గింజ కట్టకముందే తుంచుతూ ఉంటే ఆయుర్దాయం పెరుగుతుంది. అయినా దాని జీవితం కొద్ది సంవత్సరాలే కాబట్టి, ఒక వెన్నును విత్తనానికి వదిలి వంశాన్ని నిలుపుకోవాలి.

కుండీలో ఎంత కాలం?

ఇంత శ్రమించినా కుండీలో చెట్టు ఎన్నాళ్ళు బతుకుతుందన్న సందేహం కలగడం సహజం. దీనికి ప్రపంచంలో రెండు ప్రసిద్ధ నిదర్శనాలు ఉన్నాయి. 1775లో ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికా నుంచి లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి ఒక సైకాడ్ మొక్కను తెచ్చాడు. రెండువందల ఏళ్ళు దాటినా అది కుండీలోనే జీవిస్తూ, ప్రపంచంలోకెల్లా వృద్ధమైన కుండీ మొక్కగా పేరుపొందింది. 2009లో కూడా దానికి కుండీ మార్చారు. రెండవది జపాన్‌కు చెందిన ఒక తెల్ల పైన్ బోన్సాయ్. 1625 నుంచి దానిని కుండీలో పెంచుతూ వచ్చారు. 1945 ఆగస్టు 6న హిరోషిమామీద అణుబాంబు పడినపుడు అది ఆ నగరంలోనే యమకి కుటుంబం నర్సరీలో గోడచాటున ఉండి బతికింది. 1976లో మసారు యమకి దానిని అమెరికాకు బహూకరించగా, వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఉంచారు. ఈ రెండు చెట్లూ ఒక్క మనిషి జీవితకాలంలో ఇమిడేవి కావు. ఒకరి చేతినుంచి మరొకరి చేతికి కుండీతోపాటు దానిని పెంచే తెలివి కూడా అందుతూ రావడంవల్లనే అవి నిలిచాయి.

పొరుగు, ఆరోగ్యం, అపోహలు

అపార్టుమెంటులో ఒకరి నేల మరొకరి కప్పు. పైఅంతస్తు కుండీనుంచి కారిన నీరు కింది అంతస్తులో ఆరవేసిన బట్టలమీద పడితే తోట తగవుకు కారణం అవుతుంది. కుండీకింద పళ్ళెం ఉంచాలి. కాని పళ్ళెంలో నిలిచిన నీటిలో డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పదిరోజులు చాలు. గుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి జీవించగలవు. అందుచేత వారానికొకసారి పళ్ళెం ఒంపడమే కాక అంచులను రుద్ది కడగాలి. గన్నేరులోని ప్రతి భాగమూ విషపూరితం. పసిపిల్లలు ఉన్న ఇంట దానిని పెంచరాదు. మందారానికి పిండినల్లి పట్టినపుడు గట్టి నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లితే అదుపులోకి వస్తుంది.

కుండీ మొక్కలు ఇంటి గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారం విస్తారంగా ఉన్నది. 1989లో నాసా శాస్త్రజ్ఞులు మూసివేసిన గదులవంటి పెట్టెలలో చేసిన ప్రయోగాలు దీనికి మూలం. ఆ తరువాత జరిగిన ప్రయోగాలన్నిటినీ 2019లో వెలువడిన ఒక సమీక్ష పరిశీలించింది. మామూలు ఇంట్లో గాలి రాకపోకలవల్ల జరిగే శుద్ధితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చింది. కిటికీ తెరవడమే అంతకంటె మేలు. మొక్కను పెంచడానికి లేని గొప్పలు అంటగట్టనక్కరలేదు. మందారానికి వచ్చే తేనెపిట్ట, పప్పులో పడే నాలుగు కరివేప రెమ్మలు, వేసవి సాయంత్రం మల్లెల పరిమళం - ఇవి నిజమైన ఫలితాలు.

సొంత నేల లేనివారికి, అద్దె ఇళ్ళు మారేవారికి కుండీయే వెంటవచ్చే భూమి. సామాను సర్దేనాడు అది కూడా బండి ఎక్కుతుంది. కొత్త ఇంటి దిక్కు వేరు, ఎండ వేరు. అక్కడ మొక్క మళ్ళీ కుదురుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. పై చదువులకు ఊరు విడిచివెళ్ళే విద్యార్థి తన మొక్కను తమ్ముడికో, పొరుగింటి పెద్దమ్మకో అప్పగించవచ్చు. అప్పగించేటపుడు ఏ పూట నీరు పోయాలో, ఏ నెలలో కత్తిరించాలో, వేళ్ళు చివరిసారి ఎప్పుడు సరిచేశారో కూడా చెప్పడం ధర్మం. ఆ నాలుగు మాటలు అందితేనే ఆ మొక్క మరొకరి చేతిలో బతుకుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

బహువార్షికం = అనేక సంవత్సరాలు జీవించేది
చేతివాసి = చేతి చలువ, చేసిన పని ఫలించే గుణం
పెకలించు = వేళ్ళతో సహా పైకి తీయు
పిట్టగోడ = బాల్కనీ, మేడ అంచున ఉండే పొట్టిగోడ
క్షారగుణం = ఆమ్లానికి విరుద్ధమైన గుణం
తొలకరి = వానకాలపు మొదటి వానలు
వెన్ను = తులసి మొదలైనవాటి పూల కంకి
పిలక = మొక్క మొదట్లో పుట్టే చిన్న మొక్క
పునర్యౌవనం = తిరిగి వచ్చిన యౌవనం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నేలలోని చెట్టుకు, కుండీలోని మొక్కకు గల భేదాన్ని వివరించండి.
2. బాల్కనీ తోటలో పాటించవలసిన ఋతుచర్యను వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కుండీ అడుగున కంకర పోయడం ఎందుకు సరికాదు?
2. అతిగా నీరు పోయడంవల్ల మొక్క ఎలా వాడుతుంది?
3. క్యూ ఉద్యానవనంలోని సైకాడ్, యమకి పైన్ చెట్ల ద్వారా గ్రహించవలసినది ఏమి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్ని కేటాయించిన ప్రాచీన శాస్త్రవేత్త ఎవరు?
2. మల్లెను ఏ నెలలలో కత్తిరించాలి?
3. లేత ఆకులు ఈనెలు తప్ప పసుపుపచ్చగా మారడం దేనికి లక్షణం?

IV. సంధులు
వృక్షాయుర్వేదం = వృక్ష + ఆయుర్వేదం - సవర్ణదీర్ఘ సంధి
పారిజాతాపహరణం = పారిజాత + అపహరణం - సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి

V. సమాసాలు
సూర్యరశ్మి - సూర్యుని యొక్క రశ్మి - షష్ఠీ తత్పురుష సమాసం
మట్టికుండీ - మట్టితో చేసిన కుండీ - తృతీయా తత్పురుష సమాసం
నాలుగు కుండీలు - నాలుగు సంఖ్య గల కుండీలు - ద్విగు సమాసం